చిన్న వర్క్‌షాపుల్లో ‘క్యామ్’ సాఫ్ట్‌వేర్: కొనుగోలు కంటే అభ్యాసమే భారం

నెల్లూరు తీరప్రాంతం పేరు చెప్పగానే మొలగొలుకుల బియ్యం, రొయ్యల గుంటలు, కృష్ణపట్నం ఓడరేవు, శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం గుర్తుకు వస్తాయి. వీటి మాటున అంతగా వార్తల్లోకి రాని చిన్న పరిశ్రమ ఒకటి ఉంది. నెల్లూరు ఆటోనగర్ మొదలుకొని ఉత్తరాన కావలి వరకు, దక్షిణాన గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వరకు జాతీయ రహదారి పొడవునా కనిపించే లేత్ వర్క్‌షాపులే ఆ పరిశ్రమ. (నాయుడుపేట, సూళ్లూరుపేట, శ్రీహరికోట 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లాలో చేరాయి.) రైస్ మిల్లు షాఫ్ట్ అరిగినా, రొయ్యల గుంటలోని ఏరేటర్ గేర్‌బాక్స్ పాడైనా, చేపల బోటు ప్రొపెల్లర్ షాఫ్ట్ వంగినా ముందుగా తలుపు తట్టేది ఈ వర్క్‌షాపులనే.

ఇటీవలి సంవత్సరాల్లో వీరి ముందుకు కొత్త రకం పని వస్తోంది. అరిగిన భాగాన్ని గోనెసంచిలో చుట్టి తెచ్చి ‘ఇలాంటిదే మరొకటి’ అని అడిగే రైతుతో పాటు, పెన్‌డ్రైవ్‌లో త్రిమితీయ నమూనా తెచ్చి ఇచ్చే వినియోగదారులు కూడా వస్తున్నారు. కాగితంపై కొలతలు ఉండవు. కొలతలన్నీ ఆ ఫైలులోనే ఉంటాయి. దానిని తెరవలేని వర్క్‌షాపు నుంచి ఆ పని సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి, అక్కడి అంబత్తూరు పారిశ్రామికవాడకు తరలిపోతుంది. ఐ.టి.ఐ. పూర్తిచేసిన యువకులు కూడా అదే దారి పడుతున్నారు. ఈ పరిస్థితిలో సి.ఎన్.సి. యంత్రం ఉన్న యజమానికి ‘క్యామ్’ సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అన్నది కేవలం సాంకేతిక ప్రశ్న కాదు. తొందరపడి కొంటే అప్పు మిగులుతుంది. కొనకుండా ఉంటే పని చేజారుతుంది.

క్యామ్ చేసే పని

సి.ఎన్.సి. యంత్రం అంకెల ఆదేశాలపై నడుస్తుంది. టూల్ ఏ బిందువుకు వెళ్లాలి, ఎంత వేగంతో కోయాలి, స్పిండిల్ ఎన్ని చుట్లు తిరగాలి అనే ఆదేశాల వరుసనే ‘జి-కోడ్’ అంటారు. ఆపరేటర్ దీనిని చేతితో రాయవచ్చు. నమూనాను చూసి టూల్ మార్గాన్ని లెక్కించి, ఈ ఆదేశాలను కంప్యూటరే తయారుచేసేటట్లు చేసేది క్యామ్.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1952లో అంకెల ఆదేశాలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించారు. ఆ యంత్రానికి ఆదేశాలను కంప్యూటర్ ద్వారా తయారుచేసే ‘ఎ.పి.టి.’ అనే భాషను డగ్లస్ రాస్ నేతృత్వంలో రూపొందించి, 1959 ఫిబ్రవరిలో పత్రికా సమావేశంలో ప్రకటించారు. ఆ భాషతో తయారుచేసిన అల్యూమినియం యాష్‌ట్రేలను విలేకరులకు జ్ఞాపికలుగా ఇచ్చారు. యంత్ర నిర్మాణ రంగంలో ఒక మలుపు విలేకరుల చేతికి యాష్‌ట్రే రూపంలో అందడం విశేషమే.

ముందుగా చూడవలసినది జాబ్ రిజిస్టరు

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని విక్రేతను అడగడానికి ముందు, గత 12 నెలల్లో ఎలాంటి పనులు వచ్చాయో యజమాని తన రిజిస్టరులో చూసుకోవడం అవసరం. ఏరేటర్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ షాఫ్ట్ తిప్పడం, బుష్ బోరింగ్ చేయడం, ఫ్లాంజ్‌కు రంధ్రాలు వేయడం వంటి పనులకు క్యామ్ తప్పనిసరి కాదు. సి.ఎన్.సి. లేత్ కంట్రోలర్‌లోనే రఫింగ్, ఫినిషింగ్, థ్రెడింగ్ సైకిళ్లు ఉంటాయి. అనుభవమున్న టర్నర్ వాటితో పదిహేను, ఇరవై వరుసల్లో ప్రోగ్రాం ముగించగలడు. ఇటువంటి వర్క్‌షాపు లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ కొనడం ఎడ్లబండికి విమానం రెక్కలు కట్టడమే.

అదే ఏరేటర్ నీటిని చిమ్మే ప్లాస్టిక్ చక్రానికి అచ్చు తయారు చేయవలసి వస్తే విషయం వేరు. పంపు ఇంపెల్లర్ ప్యాటర్న్, బోటు ప్రొపెల్లర్ రెక్క వంటివీ ఈ కోవకే చెందుతాయి. వీటి ఉపరితలం ఎక్కడా సరళరేఖ కాదు. చేతితో ప్రోగ్రాం రాయడం ఆచరణలో అసాధ్యం. ఇటువంటి పని నెలకు ఎన్ని గంటలు వస్తోంది, రాక వెనక్కి పంపినది ఎంత అన్నదే అసలు లెక్క. వెనక్కి పంపిన పనిని ఎవరూ రిజిస్టరులో రాయరు. కొనుగోలుకు ముందు కనీసం ఆరు నెలలు దానిని కూడా రాసిపెట్టుకోవడం మేలు.

ఒక ఉదాహరణ చూస్తే విషయం స్పష్టమవుతుంది. సాఫ్ట్‌వేర్ ధర 3 లక్షల రూపాయలు, యంత్రం గంట కిరాయి 500 రూపాయలు అనుకుంటే, 18 శాతం జి.ఎస్.టి. కింద 54 వేల రూపాయలు కలుస్తుంది. కాంపోజిషన్ పథకంలో ఉన్న వర్క్‌షాపుకు ఈ పన్ను క్రెడిట్ రూపంలో తిరిగి రాదు. నేర్చుకునే క్రమంలో యంత్రం 200 గంటలు ఆదాయం లేకుండా నడిస్తే మరో లక్ష. మొత్తం 4 లక్షల 54 వేలు. త్రిమితీయ పని నెలకు 10 గంటలే వస్తే ఏడాదికి వచ్చేది 60 వేలు. ఆ కిరాయి మొత్తం దీనికే జమకట్టినా పెట్టుబడి తిరిగి రావడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. నెలకు 60 గంటలు వస్తే 15 నెలలు చాలు. ధర ఒకటే, సాఫ్ట్‌వేర్ ఒకటే. తేడా అంతా రిజిస్టరులోనే ఉంది.

అసలు చిక్కు పోస్ట్ ప్రాసెసర్ దగ్గర

కొనుగోలు సమయంలో ఎక్కువమంది అడగని ప్రశ్న, తరువాత ఎక్కువమందిని ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటే: ‘నా యంత్రానికి పోస్ట్ ప్రాసెసర్ ఉందా?’

క్యామ్ లెక్కించే టూల్ మార్గం ఏ యంత్రానికీ చెందని సాధారణ భాషలో ఉంటుంది. దానిని ఫలానా యంత్రం కంట్రోలర్‌కు అర్థమయ్యే యాసలోకి మార్చేది పోస్ట్ ప్రాసెసర్. జి-కోడ్ అందరికీ ఒకటే అనుకోవడం పొరపాటు. ఫానుక్ కంట్రోలర్‌లో రంధ్రం వేసే సైకిల్‌కు ‘జి81’ అని రాస్తే, సీమెన్స్ కంట్రోలర్‌లో ‘సైకిల్81’ అని, వేరే పద్ధతిలో రాయాలి. హైడెన్‌హైన్ కంట్రోలర్‌కు పూర్తిగా తనదైన భాష ఉంది. చివరకు దశాంశ బిందువు కూడా ప్రమాదకరమే. కొన్ని ఫానుక్ యంత్రాల అమరికలో ‘ఎక్స్10.’ అంటే 10 మిల్లీమీటర్లు. చివరి చుక్క మరచి ‘ఎక్స్10’ అని పంపితే యంత్రం దానిని 10 మైక్రాన్లుగా, అంటే మిల్లీమీటరులో నూరో వంతుగా తీసుకుంటుంది. తెరపై చూపే నమూనా కోతలో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఆ నమూనా కోత చాలా సాఫ్ట్‌వేర్లలో పోస్ట్ ప్రాసెసర్‌కు ముందు దశది కావడమే ఇందుకు కారణం. తప్పు బయటపడేది స్పిండిల్ వైస్‌కు తగిలినప్పుడే.

స్పిండిల్ బేరింగులు దెబ్బతింటే మరమ్మతుకు అయ్యే ఖర్చు ఒక ఎత్తు. సర్వీసు ఇంజనీరు వచ్చేవరకు యంత్రం ఆగిపోవడం మరొక ఎత్తు. అందువల్ల పోస్ట్ ప్రాసెసర్‌ను ఉచిత అదనంగా కాక, కొనుగోలులో ప్రధాన వస్తువుగా పరిగణించాలి. విక్రేత తన ల్యాప్‌టాప్‌పై చూపే ప్రదర్శన చాలదు. వర్క్‌షాపుకు వచ్చి, వర్క్‌షాపు యంత్రంపై, వర్క్‌షాపు సొంత జాబ్ ఒకటి కోసి చూపిన తరువాతనే మిగిలిన సొమ్ము చెల్లిస్తామని ఆర్డరులో రాయించుకోవడం యజమాని హక్కు. పోస్ట్‌లో మార్పులు అవసరమైతే ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో చేస్తారో కూడా అందులోనే ఉండాలి.

మీటర్లలో కొలిచే జ్ఞాపకశక్తి

సెకండ్‌హ్యాండ్ యంత్రం కొన్నవారికి మరో అడ్డంకి ఎదురవుతుంది. పాత కంట్రోలర్ల జ్ఞాపకశక్తిని ఇప్పటికీ ‘ఇన్ని మీటర్లు’ అని చెబుతారు. ప్రోగ్రాంలను రంధ్రాల కాగితపు టేపుపై భద్రపరిచిన కాలంనాటి కొలత అది. 640 మీటర్లంటే 256 కిలోబైట్లు.

200 మిల్లీమీటర్ల చదరపు అచ్చు ఉపరితలాన్ని 0.2 మిల్లీమీటరు ఎడంతో ఫినిషింగ్ చేయాలంటే టూల్ 1,000 సార్లు నడవాలి. మొత్తం దూరం 200 మీటర్లు. నిమిషానికి 1,000 మిల్లీమీటర్ల ఫీడుతో 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. అర మిల్లీమీటరుకొక బిందువు చొప్పున 4 లక్షల వరుసలు, వరుసకు 20 అక్షరాల లెక్కన సుమారు 8 మెగాబైట్లు. ఇది 256 కిలోబైట్లలో ఇమడదు. కంప్యూటర్ నుంచి కేబుల్ ద్వారా కొంచెంకొంచెంగా అందించే ఏర్పాటో, మెమరీ కార్డు నుంచి నడిపే సౌకర్యమో యంత్రానికి ఉందా అన్నది ముందే తేల్చుకోవాలి. మూడు గంటల పని మధ్యలో విద్యుత్తు పోతే ఏం జరుగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు, కంప్యూటర్‌కు యు.పి.ఎస్. పెట్టి యంత్రాన్ని వదిలేస్తే ప్రయోజనం స్వల్పం.

లైసెన్సు విషయంలో జాగ్రత్తలు

మాస్టర్‌క్యామ్, సాలిడ్‌క్యామ్, ఎడ్జ్‌క్యామ్, ఆటోడెస్క్ సంస్థ ఫ్యూజన్ వంటివి ఈ రంగంలో ప్రసిద్ధమైనవి. క్యామ్‌వర్క్స్ ప్రస్తుతం భారతీయ సంస్థ హెచ్.సి.ఎల్. చేతిలో ఉంది. కొన్నింటిని ఏటా చందా చెల్లించి వాడుకోవాలి. చందా ఆగిన రోజున సాఫ్ట్‌వేర్ ఆగుతుంది. నిర్ణీత కాలానికొకసారి ఇంటర్నెట్ ద్వారా లైసెన్సు సరిచూసుకునే సాఫ్ట్‌వేర్ అయితే, తుపాను రోజుల్లో సంబంధాలు తెగిపోయే తీరమండలాల వారు ఎన్నాళ్లు ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందో అడిగి తెలుసుకోవాలి.

ఫ్యూజన్‌కు వ్యక్తిగత వినియోగం కోసం ఉచిత రూపం ఉంది. అయితే అది వ్యాపారానికి ఉద్దేశించినది కాదు. 2020లో దానిలోని క్యామ్ సౌకర్యాలను కుదించడం కూడా జరిగింది. వ్యాపారానికి సైతం నిరభ్యంతరంగా వాడుకోదగినది ఫ్రీక్యాడ్. 2024 నవంబరులో వెలువడిన దాని 1.0 రూపంలో క్యామ్ విభాగం ఉంది. ఖరీదైన వాటి సౌలభ్యం అందులో లేకపోయినా, క్యామ్ స్వభావం అర్థం చేసుకోవడానికి పైసా ఖర్చు లేని పాఠశాల అది.

లైసెన్సు తాళం పగలగొట్టిన నకళ్లు చేతులు మారడం అందరికీ తెలిసిన సంగతే. నకలు అని తెలిసి వాడితే 1957 నాటి కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అంతకంటే ముందుగా తగిలే దెబ్బ మరొకటి ఉంది: నకలు వాడేవారికి పోస్ట్ ప్రాసెసర్ సరిచేసి ఇచ్చే నాథుడు ఉండడు.

నేర్చుకునే క్రమం

క్యామ్ నేర్చుకోవడమంటే మీటలు నొక్కడం నేర్చుకోవడం కాదు. కోత తెలిసినవారే క్యామ్ వాడగలరు. సాఫ్ట్‌వేర్ సూచించే స్పీడు, ఫీడులు బలమైన కొత్త యంత్రానికి సరిపోవచ్చు; పాత యంత్రానికి సరిపోకపోవచ్చు. 10 మిల్లీమీటర్ల కార్బైడ్ ఎండ్‌మిల్‌తో స్టెయిన్‌లెస్ స్టీల్‌ను నిమిషానికి 60 మీటర్ల వేగంతో కోయాలంటే స్పిండిల్ సుమారు 1,900 చుట్లు తిరగాలి. ఈ లెక్క చేతితో వేయగలిగినవాడికే తెరపై కనిపించే అంకె తప్పో ఒప్పో తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఫీడు మరీ తగ్గిస్తే టూల్ కోయక రాసుకుంటుంది, లోహం పైపొర గట్టిపడుతుంది, తరువాతి కోతలో టూల్ అంచు పోతుంది. జాగ్రత్త పేరుతో జరిగే నష్టం ఇది.

మొదటి నెలలో చేతితో రాసిన ప్రోగ్రాంనే క్యామ్‌తో మళ్లీ తయారుచేసి రెండింటినీ వరుస వరుసకు పోల్చి చూడడం మంచి పద్ధతి. ఆ తరువాత ముక్క బిగించకుండా గాలిలో నడిపించడం, పిమ్మట చెక్కపైనో అల్యూమినియంపైనో కోయడం, చివరగా ఉక్కు. టూల్ పొడవు ఆఫ్‌సెట్ సంఖ్య టూల్ సంఖ్యతో సరిపోయిందో లేదో ప్రతిసారీ చూడవలసిందే. ప్రమాదాల్లో హెచ్చు భాగం పొంచి ఉండేది అక్కడే.

పద్ధతిగా శిక్షణ పొందదలచినవారికి హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో ఏర్పాటైన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ క్యాడ్, క్యామ్ కోర్సులు నిర్వహిస్తోంది. విజయవాడలో, చెన్నైలో దాని శాఖలు ఉన్నాయి. నెల్లూరు వారికి ఈ రెండూ రైలు దూరమే. శిక్షణకు పంపేది ఒక్క కుర్రవాణ్నే అయితే చిక్కు తప్పదు. నైపుణ్యం వచ్చిన ఏడాదికి శ్రీసిటీలోనో చెన్నైలోనో మెరుగైన జీతం అతన్ని పిలుస్తుంది. అందులో అతని తప్పు లేదు. యజమాని లేదా మేస్త్రి కూడా పక్కన కూర్చుని నేర్చుకున్నచోట సాఫ్ట్‌వేర్ మూలన పడదు.

రుణ సదుపాయం

యంత్రాల ఆధునికీకరణకు 15 శాతం మూలధన సబ్సిడీ ఇచ్చిన కేంద్ర పథకం గడువు 2020 మార్చి 31తో ముగిసింది. దాని కోసం కార్యాలయాలకు వచ్చేవారికి ఈ విషయం స్పష్టంగా చెప్పడం అధికారుల బాధ్యత. ముద్ర పథకంలో రుణ పరిమితిని 2024 అక్టోబరులో, తరుణ్ విభాగంలో తీసుకున్న రుణాన్ని సక్రమంగా తీర్చినవారికి, 20 లక్షల రూపాయలకు పెంచడం జరిగింది. తాకట్టు లేని రుణాలకు హామీ ఇచ్చే ట్రస్టు పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్ల రూపాయలు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలన్న నిబంధన ఉన్నందున ఉద్యమ్ నమోదు ఉన్న వర్క్‌షాపులకు ఆ తలుపు కూడా తెరిచి ఉంది. రుణ దరఖాస్తుతో పాటు బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు నివేదికలో యంత్రం, సాఫ్ట్‌వేర్ ధరలు మాత్రమే కాక శిక్షణ ఖర్చును, ఆదాయం లేని తొలి నెలల నిర్వహణ ఖర్చును చూపించుకున్న యజమానికి మూడో నెలలో చేబదులు వెతుక్కోవలసిన అవసరం రాదు.