జీతంతో పాటు పని ఇచ్చేవి

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. వైరస్ భయం అందరికీ ఉంది, గడప దాటొద్దన్న ఆంక్షా అందరికీ ఉంది. అయినా మనసుకు తగిలిన దెబ్బ అందరికీ ఒకేలా లేదు. ఎవరి పని ఏ స్థితిలో ఉందన్నది ఈ తేడాకు ఒక ముఖ్య కారణం.

ఈ సంగతికి మూలం తొంభై ఏళ్ల కిందటి పరిశోధనలో ఉంది. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లోని మారియెన్‌తాల్ ఊరికి బట్టల మిల్లే ఆధారం. ఆర్థిక మాంద్యంలో అది మూతపడింది. 1931-32లో మారీ యహోదా అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి ఆ ఊరిని అధ్యయనం చేశారు. తీరిక దొరికితే జనం ఎక్కువ చదువుతారని అనుకుంటాం. అక్కడ రుసుము ఎత్తేసినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది. పరిశోధకులు కిటికీ చాటు నుంచి వీధిని గమనించారు. మగవాళ్లు కాసేపు నడిచి ఆగిపోతున్నారు, మళ్లీ కదులుతున్నారు. ఇంటి చాకిరీ తెమలని ఆడవాళ్లు మాత్రం గబగబా నడిచిపోతున్నారు. చాలామంది మగవాళ్లు గడియారం వెంట ఉంచుకోవడమే మానేశారు.

పని మనకు జీతంతో పాటు మరో ఐదు ఇస్తుందని యహోదా తర్వాత సూత్రీకరించారు: రోజుకొక క్రమం, ఇంటి బయటి మనుషులతో కలయిక, నలుగురితో కలిసి సాధించే లక్ష్యం, సమాజంలో గుర్తింపు, ఒళ్లు కదిలించక తప్పని చురుకుదనం. పని పోతే ఈ ఐదూ ఒక్కసారే పోతాయి.

లాక్‌డౌన్ కాలం ఈ సూత్రాన్ని పరీక్షకు పెట్టింది. బ్రిటన్ ప్రభుత్వం ‘ఫర్లో’ పథకం తెచ్చింది. దాని కింద పని ఆగినా ఉద్యోగం పోయేది కాదు. జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా అందేది. కేంబ్రిడ్జి తదితర విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ తొలి నెలల సర్వే సమాచారాన్ని విశ్లేషించారు. ఉద్యోగం పూర్తిగా పోయినవారి మానసిక ఆరోగ్యం దెబ్బతింది. పని గంటలు తగ్గినా, ఫర్లోలో ఉన్నా, ఉద్యోగంతో బంధం తెగనివారు వాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు. కుటుంబ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ తేడా పోలేదు. అంతకుముందు 2019లో అదే బృందం 71 వేలమంది వివరాలు పరిశీలించి, మనసుకు మేలు చేయడానికి వారానికి 8 గంటల పనైనా చాలని తేల్చింది.

ఉద్యోగం నిలబెట్టుకున్నవాళ్లంతా సుఖంగా ఉన్నారని కాదు. పని ఒత్తిడి పెరిగి, దానిమీద మన అదుపు తగ్గితే మనసు అలసిపోతుందని రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పారు. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో జరిగింది చాలావరకు ఇదే. విదేశాల్లోని 16 నగరాల్లో 31 లక్షలమంది ఈమెయిళ్లు, మీటింగుల వివరాలను పరిశీలిస్తే, పనిదినం సగటున 48 నిమిషాలు పెరిగినట్టు తేలింది. ఒక చేత్తో వంట, మరో చేత్తో ల్యాప్‌టాప్‌గా గడిపిన మహిళల మీద ఈ భారం మరింత పడింది.

మన దేశ కార్మికుల్లో అత్యధికులు అసంఘటిత రంగంవారే. వాళ్లకు ఫర్లో లేదు. మేస్త్రీ ఫోన్ ఎత్తకపోతే పని పోయినట్టే. 2020 ఏప్రిల్‌లో సుమారు 12 కోట్లమంది ఉపాధి కోల్పోయారని ఆర్థిక పరిశోధన సంస్థ సీఎంఐఈ అంచనా. మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. సొంతూరు చేరాలన్న ఆరాటంతో సుమారు 1,200 మంది వలస కూలీలు అందులో వెళ్లారు.

ఊళ్లు చేరినవాళ్లను ఆదుకున్నది ఉపాధి హామీ. 2020-21లో దేశంలో 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. కూలి తక్కువే. కానీ పొద్దున్నే మేట్ పిలుపు, మస్టర్‌లో పేరు, పదిమందితో కలిసి చెరువు పూడికతీత: యహోదా చెప్పిన ఐదూ అక్కడ ఉన్నాయి.

సంక్షోభంలో నగదు సాయం తప్పనిసరి, అది కడుపు నింపుతుంది. మనిషికి పనితో ఉన్న బంధాన్ని కాపాడటం కూడా అంతే అవసరం. వారానికి ఒకటి రెండు రోజులైనా అందరికీ పని పంచడం, కష్టకాలంలో కూలీల పేర్లు జాబితాల్లోంచి తీసేయకుండా చూడటం మానసిక ఆరోగ్య రక్షణలో భాగమేనని ప్రభుత్వాలూ యాజమాన్యాలూ గుర్తించాలి.