ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో: విమాన దూరం, ప్రయాణకాలం – ఒక పరిశీలన

రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని ఒక స్థిరసంఖ్యగా స్వీకరించి వాణిజ్య, వలస, పర్యావరణ అధ్యయనాలలో వినియోగించడం పరిపాటి. ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో మార్గం ఈ పరిపాటిని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని స్పష్టం చేస్తుంది.

గోళంపై రెండు బిందువుల మధ్య కనిష్ఠ దూరం బృహద్వృత్త చాపం వెంబడి ఉంటుంది. ఇరు నగరాల అక్షాంశ రేఖాంశాలను, భూమి సగటు వ్యాసార్ధమైన 6,371 కి.మీ.ని తీసుకొని గణిస్తే ఈ దూరం సుమారు 12,400 కి.మీ. వస్తుంది. ఈ చాపం ఢిల్లీ నుంచి ఈశాన్యంగా బయలుదేరి, టిబెట్, సైబీరియాల మీదుగా దాదాపు 75 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని దాటి, ఆపై అమెరికా వైపు దిగుతుంది. బల్లపరుపు పటం మీద గీత గీసి చూసేవారికి ఇది వింతగానే తోస్తుంది.

అయితే విమానాలు ఈ చాపాన్ని యథాతథంగా అనుసరించవు. క్యాబిన్‌లో వాయుపీడనం పడిపోతే విమానం వెంటనే సుమారు 10,000 అడుగులకు దిగాలి; టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే అంతకంటే ఎక్కువ.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ సర్వీసును అట్లాంటిక్ మార్గం నుంచి పసిఫిక్ మార్గానికి మళ్లించింది. పాత మార్గం సుమారు 13,900 కి.మీ., కొత్తది సుమారు 15,300 కి.మీ. దూరం 1,400 కి.మీ. పెరిగినా, ప్రయాణకాలం పదహారున్నర గంటల నుంచి పద్నాలుగున్నర గంటలకు తగ్గింది. కారణం పడమర నుంచి తూర్పునకు వీచే జెట్ స్ట్రీమ్. పసిఫిక్ మీదుగా ఆ గాలి విమానాన్ని వెనుకనుంచి తోస్తుంది. అట్లాంటిక్ మీదుగా పడమరకు పోయేటప్పుడు అదే ఎదురుగాలి. భూమిపై సగటు వేగం మొదటి సందర్భంలో గంటకు 1,055 కి.మీ., రెండవ సందర్భంలో 842 కి.మీ. తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగా తూర్పుముఖంగానే సాగడంతో, రానూపోనూ కలిపి విమానం భూమిని చుట్టివచ్చినట్లయింది.

ఇంధన వినియోగం నేలపై కొలిచిన దూరాన్ని కాక, గాలిలో గడిపిన కాలాన్ని ప్రధానంగా అనుసరిస్తుంది. గాలికి సాపేక్షంగా వేగాన్ని గంటకు 900 కి.మీ.గా తీసుకుంటే, పసిఫిక్ మార్గం నిశ్చలవాయువులో 13,050 కి.మీ.కి, అట్లాంటిక్ మార్గం 14,850 కి.మీ.కి సమానం. అంటే పటంలో పొడవైన దారే విమానానికి పొట్టిది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కర్బన ఉద్గారాల గణన పద్ధతి 5,500 కి.మీ. మించిన ప్రయాణాలకు బృహద్వృత్త దూరంపై 125 కి.మీ. మాత్రమే కలుపుతుంది. సగటు అంచనాలకు ఇది చాలవచ్చు. ఒక్క మార్గాన్ని తీసుకొని చేసే అధ్యయనానికి చాలదు.

గాలితోపాటు గగనతల రాజకీయాలూ కాలాన్ని నిర్ణయిస్తాయి. 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక హెల్సింకీ – టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి దాదాపు పదమూడు గంటలకు పెరిగింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసినప్పుడు, ఢిల్లీ – ఉత్తర అమెరికా విమానాలు కొన్ని ఇంధనం కోసం ఐరోపాలో ఆగవలసి వచ్చింది. ఈ రెండు సందర్భాలలోనూ బృహద్వృత్త దూరం ఒక్క కిలోమీటరైనా మారలేదు. అందువల్ల ప్రయాణకాలాన్ని చలరాశిగా తీసుకునే పరిశోధకులు దానిని దూరం నుంచి రాబట్టక, రాకకూ పోకకూ విడివిడిగా, ఋతువునూ సంవత్సరాన్నీ పేర్కొంటూ నమోదు చేయాలి. ప్రకటిత కాలపట్టికలోని వ్యవధిలో రన్‌వేకు చేరే సమయం, దిగాక గేటు వరకు నడిచే సమయం కూడా కలిసి ఉంటాయి; ఉద్గారాల లెక్కలో వాటిని వేరు చేయవలసి ఉంటుంది.