పిడుగులా వచ్చే తలనొప్పి

తలనొప్పి ఎరగనివారు ఉండరు. చాలావరకు కాస్త నిద్రతోనో, ఓ మాత్రతోనో తగ్గిపోతుంది. కానీ ఒక రకం మాత్రం వేరు. మెల్లగా మొదలై పెరగదు. క్షణాల్లోనే భరించలేనంత తీవ్రమవుతుంది. ‘తలలో ఏదో పగిలినట్టయ్యింది’ అంటుంటారు రోగులు. నిజంగానే పగిలి ఉండొచ్చు.

మెదడు అడుగున ధమనులు కొమ్మలుగా చీలేచోట గోడ బలహీనపడి, పాత సైకిల్ ట్యూబులా ఉబ్బుతుంది. ఈ బుడగే అన్యూరిజమ్. నూటికి సుమారు ముగ్గురిలో ఉంటుంది. చాలామందిలో జీవితాంతం పగలదు, ఉన్నట్టూ తెలియదు. పొగ తాగటం, అదుపులో లేని బీపీ ముప్పును పెంచుతాయి. పగిలితే రక్తం మెదడు చుట్టూ ఉండే పొరల మధ్యకు చిమ్ముతుంది. వాంతులు, మెడ బిగుసుకుపోవటం, స్పృహ తప్పటం, కొందరిలో ఫిట్స్ ఉంటాయి.

నన్ను ఎక్కువ భయపెట్టేది, అంత నొప్పి వచ్చి తగ్గిపోయినవారు. చిల్లు దగ్గర రక్తం గడ్డకట్టి తాత్కాలికంగా మూసుకుంటుంది. ఎండదెబ్బ అనో, పైత్యం అనో ఇంట్లోనే ఉండిపోతారు. మళ్లీ పగిలే ముప్పు తొలి 24 గంటల్లోనే ఎక్కువ. రెండోసారి పగిలితే బతికించటం చాలా కష్టం.

అందుకే నొప్పి తగ్గినా సరే, వెంటనే 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తస్రావం పెరగొచ్చు. నొప్పి మొదలైన టైము డాక్టరుకు కచ్చితంగా చెప్పండి. ఎందుకంటే 6 గంటల్లోపు తీసిన స్కాన్‌లో రక్తస్రావం దాదాపుగా తప్పించుకోదు. ఆలస్యమైతే స్కాన్ మామూలుగా కనిపించొచ్చు. అప్పుడు వెన్ను నుంచి నీరు తీసి చూడాలి. సూదితో కాళ్లు పడిపోతాయేమోనని బంధువులు సంతకానికి వెనకాడుతుంటారు. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

బుడగ మెడకు ఆపరేషన్‌తో క్లిప్ పెడతారు. లేదా తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి, ప్లాటినం తీగచుట్టలతో నింపుతారు. ‘అయిపోయిందిగా, ఇంకా ఐసీయూ ఎందుకు?’ అని అడుగుతారు. మూడో రోజు నుంచి రెండు వారాల వరకు మెదడు రక్తనాళాలు ముడుచుకుపోయి పక్షవాతం రావొచ్చు. అందుకే ఆ కాపలా. నిమోడిపిన్ మాత్రలు 21 రోజులు ఇచ్చేదీ ఆ నష్టాన్ని తగ్గించటానికే.

తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఇద్దరికి ఇలా జరిగినా, కిడ్నీల్లో వంశపారంపర్యంగా నీటితిత్తులు ఉన్నా, నొప్పి లేకపోయినా ఒకసారి మెదడు రక్తనాళాల స్కాన్ గురించి డాక్టరును అడగండి.