కౌటిలీయమున ధాన్యప్రస్థానము : నస్పూరు దృష్టాంతము

అన్నశబ్దము భక్షణార్థకమైన అద్ ధాతువు నుండి నిష్పన్నమైనది. భుజింపబడునది యని అర్థము. పొలమున పండిన ధాన్యము భోక్త విస్తరిలో అన్నమగు వరకు ఎన్ని చేతులు మారునో, ఆ మార్పులలో కలుగు తరుగును ఎవడు భరించునో వ్యాకరణము చెప్పదు. ఆ విచారము అర్థశాస్త్రమునకు సంబంధించినది.

1909లో ఆర్. శామశాస్త్రి మైసూరునుండి ప్రకటించిన కౌటిలీయమున ద్వితీయాధికరణము ఈ ప్రస్థానమును క్రమముగా నిరూపించుచున్నది. సేద్యమునకు సీతాధ్యక్షుడు, నిల్వకు కోష్ఠాగారాధ్యక్షుడు, తూనిక కొలతలకు పౌతవాధ్యక్షుడు, విక్రయమునకు పణ్యాధ్యక్షుడు నియుక్తులు. నిల్వలో సగము జనపదముల ఆపత్కాలమునకై ఉంచి, పాతదానిని క్రొత్తదానితో మార్చుచుండవలెను. దంచినను, ఎండినను, వండినను ధాన్యము ఎంత మారునో కోష్ఠాగారాధ్యక్షుడు స్వయముగా పరీక్షింపవలెను. ఇది స్వాభావికమైన తరుగు.

రెండవది కల్పితమైన తరుగు. ద్రోణము ఒక్కటి కాదు, నాలుగు. రాజాదాయమునకు 200 పలములు, వ్యవహారమునకు 187½, భృత్యాదుల భరణమునకు 175, అంతఃపురమునకు 162½. మొదటి రెండింటి అంతరము 12½ పలములు, అనగా 200లో పదునారవ వంతు. పణ్యాధ్యక్షప్రకరణమున కొలుచు వస్తువులకు విధింపబడిన మానవ్యాజి కూడ పదునారవ వంతే. కావున ఈ అంతరము ప్రమాదజనితము కాదు. లెక్కకెక్కిన ఆదాయమనియే గ్రహింపవలెను.

ఈ వివేకమునకు నస్పూరు తగిన దృష్టాంతము. మంచిర్యాలను ఆనుకొని, శ్రీరాంపూర్ బొగ్గుగనుల ప్రాంతమున నున్న ఈ ఊరిలో గనికార్మికుడు పాళీల వారీగా బొగ్గు తీయును. అతని అన్నము పరక్షేత్రమున పండినదే. తెలంగాణలో వరి కొనుగోలు కేంద్రములకు వచ్చి, తేమ 17 శాతము మించకున్న తూకమునకు ఎక్కును. పిదప మిల్లునకు, గోదామునకు, చౌకధరల దుకాణమునకు చేరును. నూరు కిలోల వడ్లకు మిల్లు 67 కిలోల పచ్చిబియ్యము ఒప్పగింపవలెను. తక్కినది ఊక, తవుడు మొదలైనవి, ఇది స్వాభావికమే. 2025 ఏప్రిల్ నుండి అర్హులకు మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా ఈయబడుచున్నది.

తాలు, తేమ అను పేర్లతో తూకమున అదనముగా తరుగు తీయుదురను రైతుల ఆక్షేపణ చిరకాలమైనది. అట్టి తరుగు స్వాభావికమును కాదు, శాసనమున చెప్పబడినదియు కాదు. 1999 జనవరి 26న ఆరంభమైన రైతుబజారులు మధ్యవర్తిని తొలగించి ఈ దోషమును కూరగాయల విషయమున కొంత తగ్గింపజూచినవి. ఉత్పత్తిస్థానమున విక్రయమును నిషేధించిన కౌటిల్యుని మార్గమిది కాదు. అయినను ఆయన స్వదేశపణ్యమునకు నూటికి 5, పరదేశపణ్యమునకు 10 చొప్పున లాభమునకు హద్దు నియమించెను.

కావున తరుగు ఉండుట దోషము కాదు. అది లెక్కలో లేకుండుటయే దోషము. పండించువాడును భుజించువాడును ఒకరినొకరు ఎరుగని నస్పూరు వంటి చోట్ల ఉభయులకు సాక్షిగా నిలుచునది త్రాసు ఒక్కటియే. పౌతవాధ్యక్షుని పదవికి కౌటిలీయమున ప్రత్యేకప్రకరణము ఏర్పడుటకు హేతువు ఇట్లు స్పష్టమగుచున్నది.