యాత్రికుడు నేర్వదగిన ఓరుగల్లు చేతివిద్యలు

యాత్ర యనగా దేవాలయదర్శనమని మన పూర్వులు తలచిరి. ఓరుగల్లు వచ్చినవారు కోటలోని కీర్తితోరణములను, హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని, 1213లో నిర్మింపబడిన పాలంపేట రామప్ప దేవాలయమును చూచి మరలిపోవుదురు. ఆ రాతిపనికి ఆశ్చర్యపడుట యుక్తమే. కాని ఆ శిల మలచిన శిల్పి నేడు లేడు. అతనిని అడిగి నేర్చుకొను భాగ్యము మనకు లేదు. మగ్గముముందు కూర్చున్న నేతగాడును, ఇత్తడిరేకుపై ఉలి యానించిన విశ్వకర్మయు, సకినములు చుట్టు అవ్వయు మన కాలమునందే యున్నారు. వీరికడ కొన్ని దినములు కూర్చుండి నేర్చుకొనుటయు యాత్రలో భాగమే యని నా యభిప్రాయము. నేనీ సీమలో అట్లు తిరిగి తెలిసికొన్న సంగతులను గ్రామపెద్దలగు మీకు విన్నవించుచున్నాను.

మొదట నేతపని. కాకతీయుల రాజ్యమందలి సన్నని వస్త్రములను 13వ శతాబ్దాంతమున మార్కోపోలో సాలెపురుగు గూటితో పోల్చి ప్రశంసించెను. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమున ఓరుగల్లు తివాచీలు ప్రదర్శింపబడెను. ఆ తివాచీల నేత క్రమముగా క్షీణించినను, జంబుఖానాల నేత నిలిచినది. ఓరుగల్లు కొత్తవాడలో నేటికిని ఆ మగ్గముల చప్పుడు వినవచ్చును. తివాచీకి ముడులుండును, పైన నూగుండును. జంబుఖానాకు ముడి లేదు, నూగు లేదు. పడుగుపోగులు లోపల దాగిపోవునట్లు రంగుల పేకను దట్టముగా దిగగొట్టుదురు. అందుచేత రెండు ముఖములును ఒక్కతీరుననే యుండును; ఒకవైపు మాసినచో తిరుగవేసి పరచుకొనవచ్చును.

ఇందలి మర్మము రంగులు కలియు చోట నున్నది. ఎఱ్ఱని పేక ఒకవైపునుండి, నీలపు పేక మరియొకవైపునుండి వచ్చి తమతమ హద్దునుండియే మరలిపోయినచో నడుమ చీలిక యేర్పడును. కాబట్టి నేతగాడు హద్దువద్ద రెండు పోగులను ఒకదానిలో నొకటి మెలివేసి మరల్చును. అప్పుడు చీలిక యుండదు, వస్త్రము దిట్టముగా నుండును. పువ్వైనను, నెమలియైనను మెట్లుమెట్లుగా తేలును. ఏ రంగు ఎన్ని పడుగుపోగులమీదుగా పోవలెనో నేతగాడు లెక్కించుచునే యుండును. అక్షరాభ్యాసము లేనివారు సైతము ఈ లెక్కను తప్పకుండ నడుపుట చూచినచో, గణితము పలకమీదనే యున్నదను భ్రమ తొలగిపోవును.

రెండవది పెంబర్తి యిత్తడిపని. పూర్వము ఓరుగల్లు జిల్లాలోనుండి, 2016 నుండి జనగామ జిల్లాలో చేరిన ఈ గ్రామము హైదరాబాదునుండి ఓరుగల్లు పోవు మార్గమున నున్నది. ఇచ్చటి విశ్వకర్మలు రేకుపని యందు ప్రసిద్ధులు. దేవతామూర్తుల కవచములు, మకరతోరణములు, ధ్వజస్తంభపు తొడుగులు, గుడి తలుపుల తాపడములు వీరి చేతినుండి వెడలును.

ఇత్తడి రాగి, తుత్తునాగముల మిశ్రమము. రేకును సుత్తితో కొట్టినకొలది గట్టిపడి, పెళుసుబారును. ఇంకను కొట్టినచో పగులును. నిప్పులో కాచి చల్లార్చినచో మరల మెత్తబడును. కనుక పనివాడు కొంత కొట్టి, కొంత కాచి, మరల కొట్టవలసియుండును. చిత్రమును రేకుపై గీసి, లక్క మొదలగువానితో చేసిన మెత్తని పరుపుపై రేకును బోర్లించి అంటించి, వెనుకవైపునుండి ఉబ్బునట్లు కొట్టుదురు. పిదప త్రిప్పి అంటించి, ముందువైపునుండి సన్నని ఉలులతో కనుబొమ్మలు, నగలు, మడతలు తీర్చుదురు. గట్టిదానిపై నుంచి కొట్టినచో రేకు నలిగిపోవును. గాలిలో నుంచి కొట్టినచో గుంటపడును. లక్క దెబ్బకు లొంగుచునే ఆధారమిచ్చును. ఇంత చిన్న విషయము గ్రంథమున చదివినప్పుడు నాకు పట్టలేదు. సుత్తి చేతికిచ్చి, పనికిరాని రేకుముక్కపై ఒక తిన్నని గీత కొట్టుమనినప్పుడు క్షణములో పట్టినది.

మూడవది వంట. తెలంగాణమున సంక్రాంతి పండుగకు సకినములు చుట్టని యిల్లు అరుదు. కొత్తబియ్యమును రాత్రి నానబెట్టి, తెల్లవారి వడగట్టి, తడి యారకముందే దంచి జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు కలుపుదురు. నాలుగుపాళ్ల బియ్యమునకు సుమారు ఒకపాలు నువ్వులు పడును. గోధుమపిండివలె బియ్యపుపిండి సాగదు. దానిని పట్టియుంచునది తడి యొక్కటే. తడి తక్కువైనచో చుట్టు తెగిపోవును. ఎక్కువైనచో మెలిక నిలువదు. నేనొక యింట “అవ్వా, నీళ్లు ఎంత కొలత?” అని అడుగగా, ఆమె “కొలత లేదు బిడ్డా, చెయ్యే చెప్తది” అని నా చేతిలో పిండిముద్ద నుంచెను. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండిని నులుముచు, శుభ్రమైన గుడ్డపై మూడు నాలుగు చుట్లు త్రిప్పుదురు. ఆ గుడ్డ అధికముగానున్న తడిని పీల్చును. కొంత యారిన పిమ్మటనే నూనెలో వేయవలెను. లోపల తడి మిగిలినచో అది ఆవిరియై వెలికి దారిలేక సకినము ప్రేలును. నూనె మీద పడును. కావున గుడ్డపై నారబెట్టుట కేవలము ఆచారము కాదు, వంటవారి రక్షణకును కారణము.

ఈ మూడు విద్యలలోను ఒక సామాన్యధర్మము కలదు. ప్రధానమైన జ్ఞానము మాటలలో లేదు. పేకను దిగగొట్టు బలమును, రేకు మెత్తబడిన రంగును, పిండి పదునును కాగితముపై వ్రాయజాలము. గురువుప్రక్కన కూర్చున్నవానికే అవి వచ్చును. కనుక ఒక తరము కూర్చుండుట మానినచో, తరువాతి తరము గ్రంథములు చదివి వానిని తిరిగి సంపాదించుట దుర్లభము.

ఆ ప్రమాదము నేడు మన వాకిటనే యున్నది. పెంబర్తి లోహపుపనికి 2010లోను, ఓరుగల్లు జంబుఖానాలకు 2018లోను భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఇది సంతోషింపదగినదే. కాని ఆ చట్టము పేరును రక్షించును. ఇతరులు ఆ పేరుతో నకిలీసరకు అమ్మకుండ చూచును. నేతగాని కుమారుని మగ్గముముందు కూర్చుండబెట్టుట దాని పని కాదు. పని నేర్చుటకు ఏండ్లు పట్టును, ఆ యేండ్లలో సంపాదన స్వల్పము. యంత్రపు సరకు చౌకగా దొరకును. ఇట్టిస్థితిలో పిల్లలు పట్టణములకు పోయినచో వారిని నిందించుట న్యాయము కాదు. యంత్రము మాత్రము శాశ్వతమా యనిన, అదియు కాదు. 1934లో ఓరుగల్లున స్థాపింపబడి ఎందరికో అన్నము పెట్టిన ఆజంజాహి మిల్లు నేడు లేదు. కొత్తవాడ మగ్గములు ఇంకను ఆడుచున్నవి.

నేర్చుకొనవచ్చు యాత్రికులవలన ఈ పనివారికి మేలు కలుగవచ్చును. అయితే ఒక నియమము కావలెను. చేతిపనివానికి కూలి పనిని బట్టియే వచ్చును. అతడు మనకు నేర్పుచు గడపిన దినము అతని మగ్గము ఆగిన దినము. “చూచి పోవుటకే కదా వచ్చితిమి” అని వట్టిచేతులతో మరలుట ఆ యింటి కూటిలో పాలు తీసికొనుటతో సమానము. వస్తువు కొన్నను, కొనకున్నను, నేర్పిన దినమునకు దినకూలికి తగ్గకుండ గురుదక్షిణ ఈయవలెను. అతని చిత్రమును అనుమతి లేక అనుకరించి అమ్ముకొనరాదు.

ఈ నియమమును నడపగలవారు గ్రామపెద్దలగు మీరే. వచ్చినవానితో బేరమాడుట పనివానికి సిగ్గుగా నుండును. మీరు ముందే కూర్చుండి దినమునకింత యని నిర్ణయించినచో ఆ యిబ్బంది తీరును. బడిపిల్లలను వారమునకొక పూట మగ్గముకడకు, కొలిమికడకు పంపుటకు ఉపాధ్యాయులతో మాటలాడుడు. వృద్ధులగు పనివారు వాడు పనిముట్ల పేర్లను, పనివరుసను వారు బ్రతికియుండగానే ఒక పుస్తకమున వ్రాయించుడు. చేయి నేర్చునది పుస్తకమునకు రాదని పైన చెప్పితిని. అయినను పేర్లు నిలిచినచో అడుగుటకు దారి నిలుచును. పరదేశి వచ్చి మీ యూరి విద్యను శ్రద్ధతో అడుగుట చూచినచో, ఆ యింటి పిల్లవానికి తన తండ్రి పని తక్కువపని కాదను ధైర్యము కలుగును. ఆ ధైర్యమును, దానికి తగిన కూలియు కలిసినప్పుడే ఆ పిల్లవాడు తండ్రిప్రక్కన కూర్చుండును.