జామీనుదారులు - ఆయుధ చట్టం

బెయిలుపై విడుదలైన నిందితుడు కోర్టుకు హాజరవుతాడని పూచీపడే వ్యక్తిని '''జామీనుదారు''' లేదా '''పూచీదారు''' అంటారు.

== అమెరికాలో ==
అమెరికాలో పలు రాష్ట్రాలలో రుసుము తీసుకొని పూచీ ఇవ్వడం ఒక వృత్తి. పరారైన నిందితుని పూచీదారు మరొక రాష్ట్రంలో సైతం పట్టుకొనవచ్చునని 1872లో టేలర్ - టెయింటర్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు పేర్కొన్నది. అయితే తుపాకీ ధరించుటకు ఏ రాష్ట్ర నిబంధనలు ఆ రాష్ట్రానివే. అన్ని రాష్ట్రాలలో ఆయుధం ధరించుటకు 2004 నాటి సమాఖ్య చట్టం పోలీసులకు ఇచ్చిన వెసులుబాటు వీరికి వర్తించదు. ఇల్లినాయ్, కెంటకీ, ఆరెగాన్, విస్కాన్సిన్ రాష్ట్రాలలో ఈ వృత్తికి అనుమతి లేదు.

== భారతదేశంలో ==
భారతదేశంలో ఇటువంటి చట్టబద్ధమైన వృత్తి లేదు. ఉదాహరణకు, కాకినాడ జిల్లా [[సామర్లకోట]] వాసి జామీను ఇచ్చిన నిందితుడు రైలెక్కి ఒడిషాకు పోయినచో, జామీనుదారునికి ఆయుధంతో వెంటాడే ప్రత్యేక అధికారం లేదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 489వ సెక్షను ప్రకారం, తన పూచీని రద్దు చేయమని అతడు మేజిస్ట్రేటును కోరవచ్చు. అప్పుడు మేజిస్ట్రేటు అరెస్టు వారంటు జారీ చేస్తారు. నిందితుడు హాజరైన పిదప పూచీ రద్దవుతుంది. ఈలోగా బాండు షరతు తప్పినచో 491వ సెక్షను క్రింద పూచీ సొమ్ము చెల్లించవలసి రావచ్చు.

== ఆయుధ లైసెన్సు ==
1959 ఆయుధ చట్టం 3వ సెక్షను ప్రకారం తుపాకీకి లైసెన్సు తప్పనిసరి. అది చెల్లే ప్రాంతం లైసెన్సులోనే వ్రాసి ఉంటుంది. షరతులను ఉల్లంఘించినచో 30వ సెక్షను క్రింద 6 నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. జామీను ఇచ్చినంత మాత్రాన ఈ నిబంధనల నుండి మినహాయింపు లభించదు.