చిన్న చేపకు చిన్నచూపా?

మీరు తిఫ్రాలో ఉంటున్నారనుకోండి. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే దారిలో తగిలే ఈ ఊరు 2019లో బిలాస్‌పూర్ నగరపాలక సంస్థలో కలిసింది. ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని చేపలకు బయలుదేరారు. ఒక పక్క మంచుముక్కల మధ్య రెండేసి కిలోల బొచ్చెలు, శీలావతులు తళతళలాడుతున్నాయి. మరో పక్క పల్లె నుంచి వచ్చిన ఒకావిడ గంపలో వేలెడంత చిన్న చేపలు కుప్ప పోసుకుని కూర్చుంది. మీరు ఏవి కొంటారు?

చాలామంది పెద్ద చేపవైపే మొగ్గుతారు. ముక్కలు బాగుంటాయి, ముళ్లు ఏరుకోవడం తేలిక, చుట్టాల ముందు పెట్టినా మర్యాదగా ఉంటుంది. చిన్న చేపలంటే లేనివాళ్ల కూర అన్న భావం మన మనసుల్లో ఎక్కడో నాటుకుపోయింది. కానీ పోషకాహార శాస్త్రం త్రాసు వేరు. ఆ త్రాసులో వేసి చూస్తే గంపలోని చిన్న చేపవైపే ముల్లు మొగ్గుతుంది. ఎందుకో చూద్దాం.

కడుపు నిండినా తీరని లోటు

బెంగాల్ నాగపూర్ రైల్వే 19వ శతాబ్దం చివర బిలాస్‌పూర్ మీదుగా లైను వేసింది. ఆ కొలువుల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. చుట్టూ ఉన్నవి ఛత్తీస్‌గఢీ పల్లెలు. భాషలు వేరైనా పళ్లేలు ఒకటే. రెండూ వరి అన్నం మీద బతికే సమాజాలే. మనకు చద్దన్నం ఎలాగో వాళ్లకు ‘బాసీ’ అలాగ. రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం పొద్దున తిని పొలానికి వెళతారు.

అన్నం శక్తినిస్తుంది. ఆకలి తీరుస్తుంది. కానీ ఒంటికి శక్తి ఒక్కటే చాలదు. రక్తానికి ఇనుము, ఎముకలకు కాల్షియం, కంటిచూపుకు విటమిన్ ఎ, నరాలకు విటమిన్ బి12 కావాలి. కడుపు నిండినా ఇవి అందని స్థితిని శాస్త్రజ్ఞులు ‘దాగి ఉన్న ఆకలి’ అంటారు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మీ తరగతిలో పదిమంది అమ్మాయిలుంటే వారిలో అయిదారుగురికి రక్తం తక్కువగా ఉండవచ్చునన్న మాట. త్వరగా అలసిపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం – వీటిని మనం బద్ధకమని కొట్టిపారేస్తుంటాం.

చేప ఏమిస్తుంది?

పచ్చి చేపలో 100 గ్రాములకు సుమారు 17 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వీటి నాణ్యత కూడా ఎక్కువే. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టిన గోడలాంటివి. బియ్యంలో లైసిన్ అనే ఇటుక తక్కువ. ఒక్క ఇటుక తగ్గినా గోడ అక్కడే ఆగిపోతుంది. చేపలో లైసిన్ పుష్కలం. అందుకే అన్నంలో కాస్త చేప కలిసినా ఆ అన్నంలోని మాంసకృత్తులు కూడా ఒంటికి బాగా పనికివస్తాయి.

ఇనుము సంగతీ అంతే. పప్పులు, ఆకుకూరల్లోని ఇనుమును మన పేగులు అంత సులభంగా పీల్చుకోలేవు. అదే భోజనంలో చేప ఉంటే ఆ ఇనుము ఎక్కువగా ఒంటబడుతుంది. ఇక విటమిన్ బి12 మొక్కల ఆహారంలో దాదాపుగా దొరకదు. పాలు, గుడ్లు, మాంసం, చేపలే దానికి ఆధారం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ప్రచురించిన ఆహార మార్గదర్శకాలలో, మాంసం తినేవారు వారానికి కనీసం 100 నుంచి 200 గ్రాముల చేప తినడం మంచిదని సూచించింది.

ఇంతవరకు పెద్ద చేపైనా చిన్న చేపైనా ఒకటే. అసలు తేడా ముల్లు దగ్గర మొదలవుతుంది.

ముల్లులో బలం, కంటిలో చూపు

పెద్ద చేప తిన్నప్పుడు మనం ముల్లు తీసి పళ్లెం పక్కన పెడతాం. చేపలోని కాల్షియంలో చాలా భాగం ఆ ముల్లులోనే ఉంది! శీలావతి వంటి చేపల కండలో 100 గ్రాములకు సుమారు 50 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, ముల్లుతో సహా నమిలి తినే ‘మోలా’ అనే చిన్న చేపలో సుమారు 800 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆవుపాలలో ఉండేది దాదాపు 120 మిల్లీగ్రాములే. పెద్దవారికి రోజుకు కావలసిన కాల్షియం 1,000 మిల్లీగ్రాములని గుర్తుంచుకుంటే ఈ అంకెల విలువ తెలుస్తుంది. ముల్లులోని కాల్షియం అరగదేమోనన్న సందేహం అక్కరలేదు. అది పాలలోని కాల్షియంతో సమానంగా ఒంటబడుతుందని పరిశోధనలు తేల్చాయి.

ఇంతకీ ఏమిటీ మోలా? బంగ్లాదేశ్‌లో మోలా, పశ్చిమ బెంగాల్‌లో మౌరలా అని పిలిచే ఈ వెండి రంగు చేప చెరువుల్లో, కుంటల్లో, వరిపొలాల్లో పెరుగుతుంది. పొడవు నాలుగైదు అంగుళాలు దాటదు. దీని కథ ఆసక్తికరమైనది. భారత సంతతికి చెందిన, ట్రినిడాడ్‌లో పుట్టిన శకుంతల థిల్‌స్టెడ్ అనే పోషకాహార శాస్త్రవేత్త 1980ల చివర బంగ్లాదేశ్‌లోని మత్లబ్ అనే చోట పోషణలోపం ఉన్న పిల్లలతో పనిచేస్తుండేవారు. అక్కడి తల్లులు చిన్న చేపలు పిల్లలకు మంచివని, మోలా తింటే కళ్లు బాగుంటాయని చెప్పేవారు. ఆమె దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేదు. చిన్న చేపల్లో ఏముందో పరీక్షించారు. మోలాలో 100 గ్రాములకు 2,500 మైక్రోగ్రాములకు మించి విటమిన్ ఎ ఉన్నట్లు తేలింది. చిన్న పిల్లలకు రోజుకు కావలసింది సుమారు 400 మైక్రోగ్రాములే. శీలావతి కండలో ఇది నామమాత్రం. తల్లుల మాట నిజమైంది. చిన్న చేపల మీద చేసిన కృషికి థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది.

ఇక్కడొక మెలిక ఉంది. మోలాలోని విటమిన్ ఎలో దాదాపు 90 శాతం దాని కళ్లలోను, పొట్ట భాగంలోను ఉంటుంది. తల తుంచి, పొట్ట చీరి శుభ్రం చేస్తే విటమిన్‌ను కూడా పారబోసినట్లే. అందుకని చిన్న చేపలకు కనీసం తలైనా ఉంచి వండాలి. అలాగే ఎండ విటమిన్ ఎను పాడుచేస్తుంది. ఎండుచేపలో కాల్షియం, మాంసకృత్తులు భద్రంగానే ఉంటాయి కానీ విటమిన్ ఎ చాలావరకు పోతుంది.

‘కలుపు’ అని పేరు పెట్టాం

బిలాస్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న పాత రాజధాని రతన్‌పూర్ చెరువులకు పేరు పొందింది. ఛత్తీస్‌గఢ్‌లో చెరువు లేని పల్లె అరుదు. ఆ చెరువుల్లో పూర్వం నుంచీ చిన్న చేపలు వాటంతటవే పెరిగేవి. వానాకాలంలో పొలాల్లోకి ఎగబాకేవి, నీరు తీసినప్పుడు బుట్టలకు చిక్కేవి. వాటికి ఎవరూ పెట్టుబడి పెట్టలేదు.

తరవాత చేపల పెంపకం వచ్చింది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే వరదనీరు కావాలి. 1957లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పీయూష గ్రంథి రసాన్ని ఎక్కించి వీటి చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. దాంతో చేప పిల్లలు కోరినన్ని దొరికే మార్గం ఏర్పడింది. దేశంలో చేపల దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. ఇది గొప్ప విజయం. కాదనలేం.

అయితే పిల్లలను వదిలే ముందు చెరువును ‘శుభ్రం’ చేయాలన్నారు. కొరమీను, వాలుగ వంటివి పిల్లలను తినేస్తాయి కనుక వాటిని తొలగించడంలో అర్థముంది. కానీ ఎవరినీ తినని చిన్న చేపలకు కూడా ‘కలుపు చేపలు’ అని పేరు పెట్టారు. మేత పంచుకుంటాయని వాటి మీద నేరం మోపారు. ఇప్ప నూనె తీయగా మిగిలిన చెక్కను చెరువులో చల్లుతారు. అందులోని సపోనిన్ మొప్పల గుండా చేప రక్తంలో చేరి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పెద్దా చిన్నా తేడా లేకుండా చేపలన్నీ చస్తాయి. రెండు మూడు వారాల్లో విషం విరిగిపోయి ఆ చెక్కే ఎరువుగా మారుతుంది. సాంకేతికంగా చక్కటి పద్ధతే. కాని ఆ చెరువు గట్టున ఉన్న పేద ఇంటికి ఉచితంగా దొరికే కాల్షియం, విటమిన్ ఎ దానితోపాటే పోయాయి. పెరిగిన పెద్ద చేప పట్నానికి అమ్ముడుపోతుంది. డబ్బు వస్తుంది, చేప మాత్రం పల్లె పళ్లెంలోకి రాదు.

మన ఆంధ్రప్రదేశ్ కథే చూడండి. చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం దానిది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన బొచ్చెలు, శీలావతులు మంచు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తాకు, అస్సాముకు పోతాయి. స్థానికంగా చేప తినే అలవాటును పెంచడానికి ప్రభుత్వమే 2021లో ‘ఫిష్ ఆంధ్ర’ పేరుతో దుకాణాలు తెరిపించవలసి వచ్చింది. పండించడం వేరు, తినడం వేరు.

రెండూ పెంచవచ్చు

అయితే పెద్ద చేపల పెంపకం మానేయాలా? అక్కరలేదు. బొచ్చె చెరువు పైపొరలో, శీలావతి నడిమి పొరలో, ఎర్రమోసు అడుగున మేత వెతుక్కుంటాయి. వీటితోపాటు మోలాను వదిలిన ప్రయోగాలు బంగ్లాదేశ్‌లో జరిగాయి. పెద్ద చేపల దిగుబడి చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పైగా మోలా నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. ఒకసారి వదిలితే చాలు, మళ్లీ మళ్లీ కొనక్కరలేదు. వారం వారం కొంచెం పట్టుకుని వండుకోవచ్చు. పెద్ద చేప సంతకు, చిన్న చేప ఇంటికి – ఇదీ సూత్రం. ఒడిశాలో పంచాయతీ చెరువులు తీసుకున్న మహిళా సంఘాలు ఈ పద్ధతిని చేపట్టాయి.

చిన్న చేపతో మరో మేలుంది. పెద్ద చేప కూరలో నడిముక్క ఎవరికి పడుతుందో మీ ఇంట్లో గమనించండి. ముందు ఇంటి పెద్దకు, తరవాత మగపిల్లలకు. తల్లికి చివరకు మిగిలేది పులుసే. చిన్న చేపల కూరను గరిటెతో వడ్డిస్తారు. అందరికీ కొద్దో గొప్పో దక్కుతుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన, తలసరి చేపల వినియోగాన్ని ఏడాదికి సుమారు 5 కిలోల నుంచి 12 కిలోలకు పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. కానీ ఆ కిలోలు ఇంట్లో ఎవరి పళ్లెంలో పడుతున్నాయన్నది తలసరి లెక్కలో కనిపించదు.

కొన్ని జాగ్రత్తలు

తిఫ్రాలో కర్మాగారాలున్నాయి. మీ ఊరు ఏదైనా సరే, పరిశ్రమల మురుగు కలిసే నీటిలో పట్టిన చేప ఎంత చవకైనా వద్దు. సీసం, పాదరసం వంటి భారలోహాలు వండినంత మాత్రాన పోవు. ఎండుచేపలను నేల మీద కాక, వల కప్పిన మంచె మీద ఎండబెట్టాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పుచేపలు తగ్గించాలి. పసిపిల్లలకు ముల్లు ప్రమాదం. ఉప్పు వేయని ఎండుచేపలను వేయించి, మెత్తగా దంచి, జల్లించి ఆ పొడి చెంచాడు అన్నంలో కలపాలి. చేప సరిపడక దద్దుర్లు వచ్చేవారు మానాలి. చేప తినని కుటుంబాలకు పాలు, పెరుగు, పప్పులు, ఆకుకూరలు, రాగులు ఉన్నాయి. ఎవరి ఆచారం వారిది. తినే అలవాటు ఉండీ చిన్నతనమని మానేసినవారికే ఈ మాట.

మీరే చేసి చూడండి

కడిగిన చేప ముల్లు ఒకటి గాజు సీసాలో వేసి, మునిగేదాకా వెనిగర్ పోసి మూత పెట్టండి. మూడు నాలుగు రోజుల తరవాత తీసి వంచి చూడండి. విరగకుండా వంగుతుంది. ఆమ్లం ముల్లులోని కాల్షియాన్ని కరిగించింది. మిగిలింది కొల్లాజెన్ అనే మెత్తటి మాంసకృత్తి. ఇప్పుడు మీ అమ్మమ్మ చింతపండు పులుసులో చిన్న చేపలను సన్నటి సెగ మీద చాలాసేపు ఎందుకు ఉడికిస్తుందో ఆలోచించండి. చింతపండులోనూ ఉన్నది ఆమ్లమే. ముల్లు మెత్తబడుతుంది, కొంత కాల్షియం పులుసులోకి దిగుతుంది. ఉత్తరాంధ్రలో మామిడికాయ వేసి వండే ఎండు నెత్తళ్ల కూర వెనుక ఉన్నదీ ఈ రసాయన శాస్త్రమే.

వచ్చే ఆదివారం చేపలకు వెళ్లినప్పుడు గంప పెట్టుకుని కూర్చున్న ఆవిడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ చేపల పేర్లు, అవి ఏ చెరువువో అడిగి రాసుకోండి. ఓ పావుకిలో కొనండి. వండాక అమ్మ పళ్లెంలో ముందు ఒక గరిటె వడ్డించడం మాత్రం మరిచిపోకండి.